పోయినవాడి గొంతు ఎవరి సొత్తు?

బ్రిటన్ రాక్ బృందం క్వీన్ గాయకుడు ఫ్రెడ్డీ మెర్క్యురీ చివరి ఆల్బం ఏది? 1991 ఫిబ్రవరిలో, ఆయన బతికుండగా వచ్చిన ‘ఇన్యుయెండో’ అని కొందరు అభిమానులంటారు. ఆయన పోయిన నాలుగేళ్ళకు, 1995 నవంబరులో వచ్చిన ‘మేడ్ ఇన్ హెవెన్’ అని మరికొందరంటారు. ఆయన పాటలకు చేస్తున్న రీమిక్స్‌లు కీర్తిని నిలబెడుతున్నాయా, అరగదీస్తున్నాయా అన్నది ఇంకో తెగని వాదన. క్వీన్ బృందం అభిమానులు మూడు దశాబ్దాలుగా ఈ గొడవ పడుతూనే ఉన్నారు. పాటల పిచ్చి ఉన్నవాళ్ళ కాలక్షేపమని మిగతా లోకం దీన్ని పట్టించుకోలేదు. ఇకపై పట్టించుకోక తప్పదు. చనిపోయిన గాయకుడి గొంతును కంప్యూటర్ కొత్తగా పుట్టిస్తున్న రోజులివి. ఆ గొంతుతో ఏం పలికించవచ్చో, ఏం పలికించకూడదో చాలా దేశాల చట్టాలు తేల్చిచెప్పలేదు. ఆ సందులోంచి సంగీత వ్యాపారం తనకు అనువైన తీర్పు తానే రాసుకుంటోంది.

మెర్క్యురీ విషయంలో ఆ తీర్పుకు ఆధారంగా చూపేది ఒకే ఒక్క మాట. నా సంగీతాన్ని మీరేమైనా చేసుకోండి, నన్ను విసుగు పుట్టించే మనిషిగా మాత్రం మార్చకండి అని ఆయన చివరి రోజుల్లో మేనేజర్ జిమ్ బీచ్‌తో అన్నారట. ఈ సంగతి బీచే తర్వాత చెప్పారు. ఆయన్ని శంకించాల్సిన పని లేదు. అయితే అది మరణం దగ్గరపడిన మనిషి నమ్మిన స్నేహితుడితో చెప్పుకున్న మాట. 1991లో రీమిక్స్ అంటే టేపు మీద ఉన్న గొంతు వెనుక కొత్త డ్రమ్స్ వేయడం, పాటను నృత్యశాలలకు తగ్గట్టు సాగదీయడం. గాయకుడు పాడని పాటను ఆయన గొంతుతోనే పాడించడం అప్పటికి ఎవరి ఊహలోనూ లేదు. ఊహకే అందని పనికి ఆయన అనుమతి ఇచ్చి వెళ్ళారనడం ఏం న్యాయం? గోరంత అనుమతిని కొండంత చేసి చూపడమే ఈ వ్యవహారంలో మమ్మల్ని కలవరపెడుతున్న విషయం.

ఈ విషయంలో హద్దు ఎక్కడుందో మెర్క్యురీ సహచరులకు తెలుసు. 1991 మే నెలలో స్విట్జర్లాండ్‌లోని మాంట్రో స్టూడియోలో ఆయన, గిటారిస్టు బ్రయాన్ మే కలిసి ‘మదర్ లవ్’ పాట రాశారు. ఎయిడ్స్‌తో ఒళ్ళు శిథిలమైపోయిన దశ అది. నిలబడటమే కష్టం. డ్రమ్ మెషీన్ కొడుతున్న తాళానికి ఒక్కో చరణం రాసుకుంటూ, రాసింది రాసినట్టే పాడుతూ పోయారు. చివరి చరణం దగ్గరికి వచ్చేసరికి అలసిపోయి, కాసేపు పడుకుని వస్తాను, తర్వాత పూర్తి చేద్దామన్నారు. ఆ చరణం పాడటానికి మళ్ళీ రాలేదు. ఆ ఏడాది నవంబరు 23న తన జబ్బు గురించి ప్రపంచానికి ప్రకటన ఇచ్చారు. మరునాడే కన్నుమూశారు. వయసు 45.

ఆ చివరి చరణాన్ని బ్రయాన్ మే తన గొంతుతోనే పాడారు. మెర్క్యురీని అనుకరించే ప్రయత్నమైనా చేయలేదు. పాట వింటుంటే ఒక గొంతు ఎక్కడ ఆగిపోయిందో, ఇంకో గొంతు ఎక్కడ అందుకుందో చెవికి స్పష్టంగా తెలుస్తుంది. పోయిన స్నేహితుడికి అంతకు మించిన గౌరవం లేదు. అదే టేపు ఇవాళ ఎవరి చేతికైనా చిక్కితే ఏం చేస్తారు? ఆ చరణాన్ని కంప్యూటర్ చేత మెర్క్యురీ గొంతుతో పాడించి, ఇదిగో అసలైన ‘మదర్ లవ్’ అని అమ్మకానికి పెట్టరని ఎవరు హామీ ఇస్తారు? ఆయనే ఏమైనా చేసుకోమన్నారు కదా అన్న సమాధానం అప్పటికే సిద్ధంగా ఉంటుంది.

అభిమానుల వాదన సంగతికొస్తే, ‘మేడ్ ఇన్ హెవెన్’ పూర్తిగా ఆయన ఆల్బం కాదు, పూర్తిగా నకిలీ అంతకన్నా కాదు. అందులో రెండు పాటలు 1985లో ఆయన ఒంటరిగా చేసిన ఆల్బంలోవి. బృందం వాటికి వాద్యాలు మళ్ళీ వాయించింది. ఒక పాట డ్రమ్మర్ రోజర్ టేలర్ వేరే బృందం కోసం చేసుకున్నది. ఇంకొకటి స్టూడియోలో మిగిలిన గొంతు ముక్కల్ని ఏర్చికూర్చి అల్లింది. ‘ఎ వింటర్స్ టేల్’ మాత్రం మాంట్రో సరస్సును చూస్తూ ఆయనే రాసి పాడినది. సహచరులు ప్రేమతో కట్టిన స్మారకం అది. మా దృష్టిలో చివరి ఆల్బం ‘ఇన్యుయెండో’యే. ప్రతి పాటనూ ఆయన విని, సరేనని విడుదల చేయించిన చివరి ఆల్బం అదే. చిక్కిపోయిన రూపం మరీ కొట్టొచ్చినట్టు కనిపించకుండా నలుపు తెలుపుల్లో తీసిన ఆ ఆల్బంలోని ఒక వీడియోలో, చివరన ఆయన కెమెరాలోకి నేరుగా చూస్తారు. తన కథకు ముగింపు ఎలా ఉండాలో ఆయనకు తెలుసు, ఆ ముగింపును తానే ఎంచుకున్నారు.

రీమిక్స్‌లే వద్దనడం ఛాందసమని, కొత్త తరానికి పాత గాయకుణ్ణి పరిచయం చేసేవి అవేనని ఒక వర్గం అంటుంది. 1985లో అంతగా ఎవరూ పట్టించుకోని ‘లివింగ్ ఆన్ మై ఓన్’ 1993లో రీమిక్స్‌గా వచ్చి బ్రిటన్‌లో మొదటి స్థానానికి చేరిన మాట నిజమే. మాకు రీమిక్స్‌తో పేచీ లేదు. అది రీమిక్స్ అని చెప్పే అమ్మారు. కొన్నవారికి ఏం కొంటున్నారో తెలుసు. చెప్పకుండా చేసేదానితోనే మా పేచీ.

ఒక్కో అడుగూ చూస్తే తప్పేముందనిపిస్తుంది. 2014లో మెర్క్యురీ, మైకేల్ జాక్సన్ కలిసి 1983లో పాడిన నమూనా రికార్డింగును కొత్త నిర్మాతతో మెరుగుపరిచి విడుదల చేశారు. అప్పటికి ఇద్దరూ లేరు, ఇద్దరినీ అడిగే వీలూ లేదు. 2019లో మెర్క్యురీ సొంత ఆల్బం మొత్తానికి కొత్త మిక్సింగ్ వచ్చింది. 2024 అక్టోబరులో క్వీన్ 1973 నాటి తొలి ఆల్బం వంతు వచ్చింది. మెరుగులు దిద్దడం మాత్రమే కాదని, మొదటినుంచీ తిరిగి కట్టామని బ్రయాన్ మే స్వయంగా అన్నారు. అప్పట్లో స్టూడియోలో డ్రమ్స్ శబ్దం తమకు నచ్చినట్టు రాలేదని, ఇప్పుడు సరిచేసుకున్నామని బృందం వివరణ. బ్రయాన్ మే, రోజర్ టేలర్‌ల అసంతృప్తి తీరింది, మంచిదే. గొంతు యజమాని సంగతేమిటి? ఆయన మాట ఎవరు విన్నారు? బాస్ గిటారిస్టు జాన్ డీకన్ 1997 తర్వాత బృందం పనుల నుంచి పూర్తిగా తప్పుకున్నారు. ఆయన మౌనాన్నీ సమ్మతిగా రాసుకోవడం అలవాటైపోయింది.

అసలు భయం ఆ తర్వాతి అడుగుతోనే. క్వీన్ పాటల హక్కులను సుమారు 100 కోట్ల పౌండ్లకు సోనీ సంస్థ కొనబోతోందని 2024 జూన్‌లో ప్రపంచమంతటా వార్తలు వచ్చాయి. ఇన్నాళ్ళూ ఆ టేపుల మీద చెయ్యి వేసినవాళ్ళు ఆయనతో కలిసి వాయించినవాళ్ళు. తప్పు చేసినా స్నేహితులు చేసిన తప్పు అనుకోవచ్చు. అంత డబ్బు పోసి కొన్న కంపెనీకి ఆ డబ్బు రాబట్టుకోవడమే ముఖ్యమవుతుంది. స్నేహితుడికి ఇచ్చిన మాట కంపెనీకి ఇచ్చిన రాతకోతలుగా మారిపోయాక, ఎక్కడ ఆగాలో ఎవరు చెబుతారు?

దీనికి ముందు జరిగింది మరిచిపోతే ఎలా? జాక్సన్ 2009లో పోయారు. మరుసటి ఏడాది ఆయన పేరు మీదే వచ్చిన ఆల్బంలోని మూడు పాటల్లో గొంతు ఆయనది కాదని కుటుంబ సభ్యులు, అభిమానులు మొదటిరోజే మొత్తుకున్నారు. గొంతు ఆయనదేనని కంపెనీ అంది. ఒక అభిమాని 2014లో కోర్టుకెక్కారు. కేసు ఏళ్ళ తరబడి నడిచింది. చివరికి 2022 జులైలో ఆ మూడు పాటలనూ ఇంటర్నెట్ సంగీత వేదికల నుంచి తీసేశారు. తీసేయడానికీ గొంతు అసలుదా కాదా అన్నదానికీ సంబంధం లేదన్నారు. ఆ మరుసటి నెలే కాలిఫోర్నియా సుప్రీంకోర్టు ఒక మంచి మాట చెప్పింది. ఆల్బం అట్ట మీద ఈ గొంతు ఫలానావారిదని రాయడం సరుకు అమ్ముకోవడానికి చేసే ప్రకటన కిందికే వస్తుందని, కళాస్వేచ్ఛ పేరుతో తప్పించుకోలేరని దాని సారాంశం. 12 ఏళ్ళ పాటు అభిమానుల్ని అనుమానపు మనుషులుగా చూసిన తర్వాత వచ్చిన మాట అది.

యంత్రం సాయం తీసుకోవడమే తప్పని మేము అనడం లేదు. బీటిల్స్ బృందం 2023 నవంబరులో విడుదల చేసిన పాటలో, తమ దివంగత సహచరుడు జాన్ లెనన్ ఇంట్లో చేసుకున్న పాత క్యాసెట్ నుంచి ఆయన గొంతును యంత్రంతో వేరుచేశారు. ఆ గొంతు ఆయనదే, పాడింది ఆయనే. అలాంటిది ఎంత చేసినా అభ్యంతరం లేదు. ఆయన పాడనిదాన్ని పాడినట్టు చూపడానికే మేము ఒప్పుకోం.

ఈ గొడవ లండన్‌దో లాస్ ఏంజిల్స్‌దో అనుకుని పేజీ తిప్పేసే పాఠకులకు మన ఇంటి సంగతి గుర్తుచేయాలి. ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం 2020 సెప్టెంబరు 25న వెళ్ళిపోయారు. 2023లో విడుదలైన ఒక తెలుగు సినిమాలో ఆయన గొంతును కృత్రిమ మేధతో పుట్టించి వాడుకున్నారని, తమ కుటుంబాన్ని అడగనైనా అడగలేదని ఆయన కుమారుడు చరణ్ 2024 ఆరంభంలో లీగల్ నోటీసు పంపారు. అంతకుముందు 2017లో, తాను పాడిన పాటల్ని తన గొంతుతోనే విదేశీ వేదికల మీద పాడినందుకు ఇళయరాజా బాలుకు నోటీసు ఇచ్చిన సంగతి ఎవరూ మరిచిపోలేదు. సంగీత దర్శకుడి హక్కు గట్టిదే, కాదనం. మనిషి బతికుండగా తన గొంతుతో తాను పాడటానికి ఇన్ని అనుమతులు కావాలి. ఆయన పోయాక అదే గొంతును తయారుచేసుకోవడానికి మాత్రం ఎవరినీ అడగక్కరలేదా? ఇంతకన్నా ద్వంద్వనీతి మరొకటి ఉందా?

‘పాడుతా తీయగా’ చూసిన ప్రతి ఇంటికీ తెలుసు, పాట మొదలయ్యే ముందు రాసినవారి పేరు, స్వరపరిచినవారి పేరు చెప్పించడం బాలు పట్టుదల. పిల్లలు ఒక అక్షరం ఒత్తు తప్పితే ఆపి సరిచేసేవారు. ఆ అక్షరం ఎక్కడ ఒత్తాలో, ఊపిరి ఎక్కడ ఆపాలో ఆయన సొంతంగా తీసుకున్న నిర్ణయం. యంత్రం ఇచ్చే గొంతులో ఆ నిర్ణయం ఎవరిది? పేరు చెప్పకుండా పాట పాడనివ్వని మనిషి గొంతునే, అడగకుండా వాడుకోవడం కన్నా అవమానం ఏముంటుంది?

ఎ.ఆర్. రెహమాన్ 2024లో ఒక తమిళ పాటకు ఇద్దరు దివంగత గాయకుల గొంతులు ఇలాగే తెప్పించి, కుటుంబాల అనుమతి తీసుకున్నామని, తగిన పారితోషికం ఇచ్చామని ప్రకటించారు. అడగనివారికన్నా అడిగినవారు వెయ్యిరెట్లు మేలు. అయినా మా శంక తీరలేదు. కుటుంబం రాయల్టీకి వారసురాలు. ఆ సాహిత్యం పాడాలా వద్దా అన్న గాయకుడి ఇష్టానికి వారసులు ఎలా అవుతారు? ఎంత పెద్దమనిషి చేసినా, గోరంత అనుమతిని కొండంత చేయడమే అవుతుంది. రేపు ఇంకో నిర్మాత అంత పెద్దమనిషి కాకపోవచ్చు. ఆయన మాత్రం ఈ ఉదాహరణనే చూపిస్తాడు.

చట్టం సంగతీ చూద్దాం. మన కాపీరైట్ చట్టానికి 2012లో చేసిన సవరణ, ప్రదర్శనను వక్రీకరిస్తే అడ్డుకునే హక్కు గాయకులకు ఇచ్చింది. యంత్రం కొత్తగా పుట్టించిన గొంతు గాయకుడి ప్రదర్శనే కాదని వాదించే వకీలుకు ఆ సవరణ అడ్డం రాదు. బొంబాయి హైకోర్టు 2024 జులైలో అరిజిత్ సింగ్ గొంతుకు రక్షణ కల్పించింది. ఆయన బతికి ఉన్నారు కాబట్టి కోర్టుకు వెళ్ళగలిగారు. అమెరికాలోని టెనెసీ రాష్ట్రం అదే ఏడాది గాయకుడు ఎల్విస్ ప్రెస్లీ పేరు గుర్తుకొచ్చేలా చట్టం చేసి, గొంతును మనిషి సొంత ఆస్తిగా గుర్తించింది. ఇంత సంగీతం ఉన్న దేశంలో పార్లమెంటుకు ఆ మాత్రం తీరిక దొరకదా? బతికుండగా గాయకుడు రాతపూర్వకంగా ఒప్పుకుంటే తప్ప గొంతును పుట్టించకూడదని, ఏ పాటలో ఎంత భాగం యంత్రానిదో పాటతోపాటే ప్రకటించాలని చట్టంలో రాయడానికి ఏళ్ళ తరబడి కమిటీలు అక్కర్లేదు.

చట్టం వచ్చేదాకా చేతులు ముడుచుకుని కూర్చోవాల్సిన పని కూడా లేదు. చచ్చినవాడి కళ్ళు చారెడని మన పెద్దలు ఊరికే అనలేదు. పోయాక ప్రతి గాయకుడూ గంధర్వుడే, ప్రతి సంస్మరణ సభలోనూ కన్నీళ్ళే. ఆ సభల్లో ముందు వరుసలో కూర్చునే నిర్మాతలకు, సంగీత దర్శకులకు ఒకటే చెబుతున్నాం. బాలు గొంతు కావాలంటే ఆయన పాడి వెళ్ళిన వేల పాటలున్నాయి, హక్కుదారులకు డబ్బు కట్టి వాడుకోండి. కొత్త పాట కావాలంటే, ఆయన వేదిక మీద నిలబెట్టి తప్పులు దిద్దిన పిల్లలు ఇవాళ పెద్దవాళ్ళై స్టూడియోల చుట్టూ తిరుగుతున్నారు, వాళ్ళకు మైకు ఇవ్వండి. ఆ రెండూ చేయకుండా, పోయిన మనిషి తిరిగొచ్చి కాదనలేడన్న ధైర్యంతో చేస్తున్న పనికి నివాళి అని పేరు పెట్టకండి.