ప్యాకేజీ లేని ప్రోగ్రామింగ్‌ను అరికట్టాలి

నల్లగొండలో ఈ మధ్య ఒక అవాంఛనీయ ధోరణి తలెత్తింది. ఉద్యోగం కోసం కాదు, ప్రమోషన్ కోసం కాదు, అమెరికా పోవడానికి అంతకన్నా కాదు, ఊరికే సరదాకు ప్రోగ్రామింగ్ నేర్చుకునేవాళ్లు బయలుదేరారు. అధికారులు వెంటనే స్పందించకపోతే ఇది మిర్యాలగూడ మీదుగా ఎటు పాకుతుందో చెప్పలేం.

అసలు మనకు కాలక్షేపానికి ఏం తక్కువైంది? సాగర్ గేట్లు ఎత్తారంటే బండేసుకుని పోయి చూసి రావచ్చు. క్లాక్ టవర్ దగ్గర ఒక చాయ్‌తో ప్రభుత్వాన్ని పడగొట్టి, రెండో చాయ్‌తో మళ్లీ నిలబెట్టవచ్చు. గుంట భూమి లేకపోయినా బత్తాయి రేటు పడిపోయిందని బాధపడవచ్చు. ఆదివారం పూట హైవే పక్క వెంచర్లు తిరిగి, ఎన్నటికీ కొనని ప్లాట్లకు వాస్తు చూడవచ్చు. ఇవన్నీ పెద్దలు ఒప్పుకున్న వ్యాపకాలు. వీటివల్ల ఎవరికీ ఏదీ కొత్తగా తెలియదు కాబట్టి సమాజానికి ప్రమాదం లేదు.

ప్రోగ్రామింగ్‌కు కూడా ఒక పద్ధతి ఉంది. ఇంటర్‌లో ఎంపీసీ, తర్వాత బీటెక్, తర్వాత అమీర్‌పేట, తర్వాత ప్యాకేజీ, ఆ తర్వాత పెళ్లి సంబంధం. ఈ రూట్లో ఇష్టం అనే స్టాపు ఎక్కడా లేదు. మధ్యలో దిగుతామంటే ఎలా?

మా గల్లీలో ఉండే కండక్టరన్న సంగతే తీసుకోండి. రిటైర్మెంటు దగ్గర పడుతున్న మనిషి. బిడ్డ బీటెక్‌లో వాడి వదిలేసిన ల్యాప్‌టాప్ ఒకటి ఇంట్లో పడి ఉంది. నాలుగు జీబీ ర్యామ్, చచ్చిపోయిన బ్యాటరీ. చార్జర్ పిన్నును ఒక వైపు ఒరిగించి, కింద అగ్గిపెట్టె పెడితేనే కరెంటు ఎక్కుతుంది. అలాంటి దాన్ని పాత సామాన్ల వాడికి వేయకుండా, పైసా ఖర్చు లేదని పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషను దించుకుని, డ్యూటీ లేని రోజు దాని ముందు కూర్చుంటున్నాడు. నేను పౌరుడిగా నా బాధ్యత కొద్దీ పోయి అడిగాను.

"గిది నేర్సుకుంటే జీతం పెరుగుతదా అన్నా?"

"ఎందుకు పెరుగుతది?"

"పోనీ ఆఫీసుల కూసోబెడతరా?"

"నాకు బస్సే మంచిగుంది."

"మరెందుకే ఇదంతా?"

"ఏమో, మంచిగనిపిస్తుంది."

ఇది సమాధానమా?

ఆయన మొదట రాసింది టికెట్ల లెక్క. ఒక్కొక్కటి 35 రూపాయల చొప్పున రెండు టికెట్లు. కూడి చెప్పమంటే కంప్యూటర్ 3535 రూపాయలు అంది. టైపు చేసి ఇచ్చిన దేన్నైనా పైథాన్ అక్షరాలుగానే తీసుకుంటుందట. ఇది అంకె అని మనం విడిగా చెప్పకపోతే కూడదు, పక్కపక్కన అతికిస్తుంది. అదే బస్సులో ఆ మాట అంటే ప్యాసింజర్లు ఊరుకునేవారా? ఈయన మాత్రం లాటరీ తగిలినట్టు నవ్వాడు. తప్పు వస్తే సంతోషించే మనుషులను నేను అంతకుముందు చూడలేదు.

తర్వాత చిల్లర మీద పడ్డాడు. 165 రూపాయల టికెట్‌కు 500 నోటు ఇస్తే 335 తిరిగివ్వాలి. పెద్ద నోటు నుంచి మొదలుపెట్టి 200, 100, 20, 10, 5 అని ప్రోగ్రాం టకటకా చెప్పేసింది. అంతటితో ఆగవచ్చు కదా. కండక్టర్ సంచిలో అన్ని నోట్లూ ఎప్పుడూ ఉండవని ఈయనకు తెలుసు. అందుకని సంచిలో ఏ నోట్లు ఎన్ని ఉన్నాయో కూడా అందులో రాశాడు. ఒక 50 నోటు, మూడు 20 నోట్లు ఉన్నాయి, పదులు లేవు. 60 రూపాయలు ఇవ్వాలి. ప్రోగ్రాం ముందు 50 తీసింది, మిగతా పదికి వెతికి, లేదని చేతులెత్తేసి "చిల్లర లేదు" అంది. సంచిలో మూడు ఇరవైలు పెట్టుకుని! ముప్పై ఏళ్ల సర్వీసున్న కండక్టర్ కూడా అంత నిబ్బరంగా ఆ మాట అనలేడు. నా దృష్టిలో అప్పటికే అది పూర్తిగా శిక్షణ పొందింది, నేరుగా డ్యూటీకి పంపవచ్చు. కానీ ఈయన ఒప్పుకోలేదు. పెద్ద నోటుతో దారి మూసుకుపోతే వెనక్కి వచ్చి, దాన్ని పక్కన పెట్టి, ఇంకో నోటుతో ప్రయత్నించేలా తిరగరాస్తూ అర్ధరాత్రి దాకా కూర్చున్నాడు. మర్నాడు ఫస్టు బస్సు డ్యూటీ.

చరిత్ర చూసినా ఈ సరదా మంచిది కాదని తెలుస్తుంది. పైథాన్ పుట్టిందే ఇలా. 1989లో క్రిస్మస్ సెలవులకు ఆఫీసు మూసేస్తే, గైడో వాన్ రోసమ్ అనే నెదర్లాండ్స్ ఆయన ఇంట్లో ఊరికే ఉండలేక మొదలుపెట్టాడు. దాని పేరు కూడా పాము మీద పెట్టింది కాదు, ఒక టీవీ కామెడీ కార్యక్రమం మీద పెట్టింది. రెండేళ్లు తిరగకముందే, 1991 ఆగస్టులో, హెల్సింకీలో చదువుకునే లినస్ టోర్వాల్డ్స్ అనే 21 ఏళ్ల కుర్రాడు తన ఇంటి కంప్యూటర్ మీద ఏదో చేస్తున్నానని, అది వట్టి సరదాకేనని చెప్పాడు. ఆ సరదా పేరు లినక్స్, కంప్యూటర్‌ను నడిపించే మూల ప్రోగ్రాం. ఇప్పుడు ప్రతి ఆండ్రాయిడ్ ఫోన్ అడుగున అదే ఉంది. ఆ రోజుల్లో మన వైపు పెద్దమనిషి ఒక్కడు వాళ్లింటికి పోయి "ప్యాకేజీ ఎంత బిడ్డా?" అని అడిగి ఉంటే మొగ్గలోనే తుంచేసి ఉండేవాడు. అక్కడ అలాంటి మేనమామలు లేకపోవడం వల్లే ఇంత దూరం వచ్చింది.

ఇక మాతృభాషాభిమానులకు ఒక మాట. నల్లగొండ అని రాసి ఎన్ని అక్షరాలని పైథాన్‌ను అడిగితే, నాలుగు అనాల్సింది పోయి ఎనిమిది అంటుంది. ఒత్తులను, గుణింతాలను, సున్నాను విడివిడిగా లెక్కపెడుతుంది. 2016లో ప్రభుత్వం మన జిల్లాను మూడు ముక్కలు చేసి ఊరుకుంది, ఇది ఏకంగా ఎనిమిది చేస్తోంది. దీని మీద ఒక్క ధర్నా జరగలేదు. పైగా ప్రోగ్రాంలో అంకెలు దాచుకునే చోటుకు చిల్లర అని తెలుగులోనే పేరు పెట్టుకోవచ్చని కండక్టరన్న మురిసిపోతున్నాడు.

మాదాపూర్‌లో పనిచేసే ఆయన బామ్మర్ది పండక్కి వస్తే నాకు కొంత ఆశ కలిగింది. "బావా, ఇప్పుడు కోడంతా ఏఐనే రాస్తుంది, నీకెందుకీ తిప్పలు?" అన్నాడు. చదువుకున్నవాడు, సరిగ్గా మాట్లాడాడు. దానికి ఈయన, "పేకాట గూడ కంప్యూటర్ ఆడుతది గదరా, నువ్వెందుకు పొద్దటిసంది ఆడుతున్నవ్?" అన్నాడు. బామ్మర్ది ముక్కలు సర్దుకుని అవతలి గదిలోకి పోయాడు.

ఇంతవరకూ భరించవచ్చు. ఒక మనిషి చెడిపోయాడు, సరే. కానీ పోయిన నెల నుంచి కండక్టరన్న భార్య కూడా ఆ ల్యాప్‌టాప్ ముందు కూర్చుంటోంది. ఆమె టికెట్లతో ఆగలేదు, గల్లీ చిట్టీ లెక్క రాయించింది. లక్ష రూపాయల చిట్టీని రెండో నెలలోనే 70 వేలకు పాడుకుంటే చివరికి ఎంత పోతుందో, అవే పైసలు బయట మిత్తికి తెచ్చుకుంటే ఎంత పడుతుందో పక్కపక్కన చూపిస్తుందది. చుట్టుపక్కల ఆడవాళ్లంతా వచ్చి చూసి, తలో కాగితం మీద రాసుకుని పోయారు. ఈ నెల పాటకు చాపలు పరిచి, చాయ్ కూడా పెట్టించినా ఒక్కరూ నోరు తెరవలేదు.

అందుకే వచ్చే సోమవారం ప్రజావాణిలో కలెక్టర్ గారికి వినతిపత్రం ఇవ్వబోతున్నాం. ఉద్యోగం ఉద్దేశం లేనివారి ఇళ్లలోని పాత ల్యాప్‌టాప్‌లను వెంటనే స్వాధీనం చేసుకోవాలన్నది మా ప్రధాన డిమాండ్. ఆ చిట్టీ నడిపేది నేనే అన్న విషయానికీ, ఈ వ్యాసానికీ ఏ సంబంధమూ లేదు.