ఇంటి బడి హెడ్మాస్టారి వార్షిక నివేదిక

శ్రీకాకుళంలో, నాగావళికి కూతవేటు దూరంలో, మా ఇంటి పై వాటాలో ముగ్గురు విద్యార్థులతో ఒక విద్యాసంస్థ ఏడాదిగా నడుస్తోందన్న సంగతి చాలామందికి తెలియదు. అది జనం తప్పు కాదు, బోర్డు లేదు. పెడదామంటే మా ఆవిడ ఒప్పుకోలేదు, టు-లెట్ అనుకుని బ్యాచిలర్లు వచ్చి పడతారట. ఆ సంస్థకు వ్యవస్థాపకుడిని, కరస్పాండెంటుని, హెడ్మాస్టారుని, డ్రిల్లు మాస్టారుని నేనే. గంట కొట్టేదీ నేనే. మధ్యాహ్నం రెండు నుంచి రాత్రి పదకొండు దాకా ల్యాప్‌టాప్ ముందు కూర్చుని ఎవరి కంపెనీకో పనిచేస్తాను కాబట్టి బడి పొద్దుటి పూటే. ఏడాది నిండింది కనుక నివేదిక సమర్పించడం నా బాధ్యత. ఎవరికి సమర్పించాలో తెలియక మీకు సమర్పిస్తున్నాను.

ముందు బడి ఎందుకు పెట్టాల్సి వచ్చిందో చెప్పాలి. మా మధ్యవాడికి అప్పుడు ఎనిమిదేళ్ళు. యూనిట్ టెస్టులో సీజన్లు ఎన్ని అని అడిగితే ఆరు అని రాశాడు. వసంతం, గ్రీష్మం, వర్షం, శరత్తు అంటూ పేర్లన్నీ ఇంగ్లీషు అక్షరాల్లో కూడబలుక్కుని మరీ రాశాడు పాపం. ఎర్ర ఇంకుతో అడ్డంగా కొట్టేసి పక్కన నాలుగు అని వేశారు. వాడు ఆ కాగితం పట్టుకొచ్చి, "తెలుగు పీరియడ్‌లో ఆరు, ఈవీఎస్ పీరియడ్‌లో నాలుగు, మధ్యలో ఇంటర్వెల్‌లో రెండు ఎక్కడికి పోతాయి నాన్నా?" అని అడిగాడు.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. జనం మాట్లాడే మాటలోనే చదువు చెప్పండయ్యా అని జీవితమంతా పోరాడి, సవర పిల్లలకు సవరలోనే పాఠాలుండాలని ఆ భాష నేర్చుకుని పుస్తకాలు రాసిన గిడుగు రామమూర్తి పంతులు గారు 1863లో పుట్టింది ఇక్కడికి దగ్గరే, పర్వతాలపేటలో. అలాంటి నేల మీద ఒక పిల్లవాడి దగ్గర రెండు ఋతువులు లాక్కుంటారా? ఆ సాయంత్రమే ముగ్గుర్నీ బడి మాన్పించాను. పొద్దున ఏడుకి వ్యానెక్కి రాత్రి ఏడుకి దిగే పెద్దది సంతోషం పట్టలేక నిద్రపోయింది, రెండు రోజులు లేవలేదు. నాలుగేళ్ళ చిన్నది ఇంకా ఎక్కడా చేరలేదు కాబట్టి దాన్ని మాన్పించడం తేలికైంది.

చట్టం సంగతి అడుగుతారని తెలుసు. 2009లో చేసి 2010 ఏప్రిల్ 1 నుంచి అమలుచేసిన విద్యాహక్కు చట్టం ఆరేళ్ళ నుంచి పద్నాలుగేళ్ళ దాకా పిల్లలందరికీ ఉచిత నిర్బంధ విద్య అంటుంది. ఇంటి బడి అన్న మాట అందులో లేదు. పెట్టుకోండనీ లేదు, కూడదనీ లేదు. పద్నాలుగు నిండాక సార్వత్రిక విద్యా సంస్థలో కట్టి పదో తరగతి పరీక్ష రాసుకోవచ్చు. అంటే మా విషయంలో చట్టం మౌనంగా ఉంది. కింది వాటాలో ఉండే మా అమ్మ మాత్రం మౌనంగా లేదు.

"పిల్లల్ని బడి మాన్పించేసినావేట్రా, ఏటైంది నీకు?"

ఏమీ కాలేదని చెప్పి, ఆ రాత్రే కూర్చుని పదకొండు వేల ఎనిమిది వందలు పెట్టి ఆన్‌లైన్‌లో ఇంటి బడి కిట్టు కొన్నాను. వేర్వేరు వయసుల పిల్లలు కలిసి చేసుకునేలా, ప్రకృతితో మమేకమై, కాలానికి తగ్గ పనులతో తయారుచేసిన కిట్టు అది. స్ప్రింగ్, సమ్మర్, ఆటమ్, వింటర్ అని నాలుగు పెట్టెలు వచ్చాయి. రంగులు చాలా బాగున్నాయి. మధ్యవాడు పెట్టెలు ఒకటికి రెండుసార్లు లెక్కపెట్టి నావైపు చూసి ఏదో అనబోయాడు. క్రమశిక్షణ ముఖ్యం కాబట్టి అననివ్వలేదు.

మార్చిలో స్ప్రింగ్ పెట్టె విప్పాం. తులిప్ గడ్డలు ఆరు. డాబా మీద కుండీల్లో నాటి, రోజూ ఎంత ఎత్తు పెరిగిందో పెద్దది గ్రాఫు గీయాలి, మధ్యవాడు బొమ్మ వేయాలి, చిన్నది పువ్వు పేరు చెప్పాలి. పది రోజులు గ్రాఫు అడుగునే పాకింది. పదకొండో రోజు తవ్వి చూస్తే వాసనొచ్చింది. సరే, ప్రకృతిలో కుళ్ళడం కూడా ఒక పాఠమే అని సర్దిచెప్పి, మర్నాడు లెక్కల పీరియడ్‌కి గంట కొడితే ఒక్కరూ రాలేదు.

కిందికి తనిఖీకి వెళ్ళాను. ఊరి నుంచి వచ్చిన రెండు బస్తాల చింతకాయ అరుగు మీద ఎండబోసి ఉంది. మా అమ్మ మధ్యలో, చుట్టూ నా విద్యార్థులు. పెద్దది పెచ్చు ఒలుస్తోంది, చిన్నది నాలిక బయటపెట్టి మరీ ఈనెలు లాగుతోంది, మధ్యవాడు చిన్న రోకలిబండతో కొట్టి గింజ ఊడదీస్తున్నాడు. గింజలు కూలి. నేల మీద సుద్దముక్కతో రెండు వరసల్లో ఏడేసి గుండ్రాలు గీసి ఉన్నాయి, పని అయ్యాక వామనగుంటలట. చిన్నదానికి పదిహేను తర్వాత అంకె రాదని నేను రిజిస్టరులో రాసుకున్నాను. అది ఎదటివాళ్ళ గుంటలో ఎన్ని గింజలున్నాయో చూసి, ఎక్కణ్ణుంచి తీస్తే ఎక్కడ ఆగుతుందో లెక్కేసి, అన్నయ్యను ఓడించి, ఆ గింజలు గౌను జేబులో పోసుకుంది. సిలబస్‌లో లేని విషయం కాబట్టి నేను పరిగణనలోకి తీసుకోలేదు.

సరిగ్గా అప్పుడే బడి బయటి పిల్లల సర్వే అని ఒకాయన ట్యాబ్ పట్టుకుని గేటు తీశాడు. వయసులు అడిగాడు, చెప్పాను. ఏ బడి అన్నాడు. ఈ బడే అన్నాను. ఆయన చుట్టూ చూశాడు. ఇంట్లోనే చదివిస్తున్నాం సార్, మాంటిస్సోరి గారు 1939లో మద్రాసు వచ్చి ఇలాంటి చేతిపనుల గురించే ట్రైనింగిచ్చారు అని నేను మొదలుపెట్టేలోపు మా అమ్మ అందుకుంది.

"చదువేటి బావూ, చూస్తన్నావు కదా, చింతపండు కొడతన్నారు."

ఆయన పాపం మంచివాడు. ట్యాబ్‌లో బడికి రాకపోవడానికి కారణాలు వరసగా ఉన్నాయి, వలస, అనారోగ్యం, ఇంటి పని, ఇతరములు. ఇంటి పని మీద వేలు పెట్టబోతే బతిమాలి ఇతరములు నొక్కించుకున్నాను. వలసలకు పేరుపడ్డ జిల్లాలో, తల్లిదండ్రులు హైదరాబాదులోనో చెన్నైలోనో కూలికి పోతే బడి మానేసిన పిల్లల పక్కన, ఒక సాఫ్ట్‌వేర్ ఇంజినీరు పిల్లలు ముగ్గురు ఆ లెక్కలో చేరారు. దీని గురించి ఎక్కువ మాట్లాడదలచుకోలేదు.

ఆ నెలలోనే అరసవల్లి సూర్యనారాయణస్వామి గుడికి వెళ్ళాం. ఏటా మార్చిలో, మళ్ళీ అక్టోబరులో సూర్యకిరణాలు నేరుగా వచ్చి స్వామి పాదాల మీద పడతాయి కదా, అది ఎందుకో చెప్పమని పెద్దది అడిగింది. నేను అక్షాంశాల నుంచి మొదలుపెట్టి భూమి వంపు దాకా వెళ్ళి అక్కడ తప్పిపోయాను. మధ్యవాడు గోడ మీది క్యాలెండరు దించి రోజులు లెక్కపెట్టాడు. అక్టోబరు 2 నుంచి పగలు అన్నిటికన్నా చిన్నదయ్యే డిసెంబరు 21 దాకా 80, అక్కణ్ణుంచి మార్చి 10 దాకా 79. "అంటే సూర్యుడు దక్షిణానికి వెళ్తూ ఒకసారి, తిరిగొస్తూ ఒకసారి అదే తోవలో పడుతున్నాడు, అంతే కదా" అంది పెద్దది. అంతే. తెల్లవారుజామున క్యూలో నిలబడ్డాం గానీ జనం విపరీతం. కిరణం పడ్డమాట నిజమే, మాకు కనిపించింది మాత్రం ముందు నిలబడ్డాయన బట్టతల మీద.

సమ్మర్ పెట్టె మే నెలాఖరున విప్పాం. "హాయైన ఎండలో బీచ్‌కి వెళ్ళి ఇసుక కోట కట్టండి" అని ఉంది. రోహిణి కార్తె నడుస్తోందనీ, ఆ ఎండకు రోళ్ళు పగులుతాయనీ మా అమ్మ హెచ్చరించింది. కిట్టు తయారుచేసినవాళ్ళకు తెలియదా అనుకుని కళింగపట్నం బయల్దేరదీశాను. దారిలో కారులో కిటికీ సీటు తగాదా. వంశధార సముద్రంలో కలిసేది అక్కడే కాబట్టి సందర్భం చూసుకుని సోషల్ పాఠం ఎత్తుకున్నాను. ఈ ఏటి నీళ్ళ కోసం ఒడిశాకీ మనకీ గొడవైతే 2010లో ట్రైబ్యునల్ వేశారర్రా, చెరి సగం అని 2017లో తీర్పిచ్చింది, చూశారా పెద్దవాళ్ళు ఎంత ఓపిగ్గా తేల్చుకుంటారో అన్నాను. మధ్యవాడు కిటికీ వదల్లేదు. ట్రైబ్యునల్ వేయండి, ఏడేళ్ళయ్యాక దిగుతాను అన్నాడు. కోట రెండు బక్కెట్ల ఎత్తు లేచేలోపు చిన్నదాని కాళ్ళు చురుక్కుమని అది నా భుజం ఎక్కేసింది, తిరిగి శ్రీకాకుళం దాకా దిగలేదు.

ఆ రాత్రి మా అమ్మ పక్కలో పడుకుని మధ్యవాడు కార్తెలన్నీ వల్లించుకున్నాడు. 27 కార్తెలు, ఒక్కొక్కటి పదమూడు పద్నాలుగు రోజులు, మృగశిరకు చల్లబడుతుంది, ఆరుద్రకు వాన. పొద్దున్నే లేచి నాకు చెప్పాడు. "ఆరు కూడా కాదు నాన్నా, ఇరవై ఏడు."

అనవసరమైన అంకెలతో బుర్ర పాడుచేసుకోవద్దని మందలించాను.

ఇక ఆటమ్. ఇది కాస్త వివరంగా చెప్పాలి. పెట్టెలో జిగురు సీసా, గోధుమరంగు అట్టలు, ఒక పట్టిక. "అక్టోబరులో తోటలోకి వెళ్ళండి, రాలిన ఎర్రని, పసుపుపచ్చని ఆకులు ఏరండి, దండ గుచ్చండి." మా పెరట్లో అక్టోబరులో జామచెట్టు, మామిడిచెట్టు చిక్కటి పచ్చగా నిగనిగలాడుతూ ఉంటాయి. ఈ తీరంలో ఆ నెలలో ఆకులు రాలవని కాదు, రాలేటప్పుడు కొమ్మతో, ఒక్కోసారి చెట్టుతో సహా రాలతాయి. హుద్‌హుద్ తుపాను 2014 అక్టోబరు 12, తిత్లీ తుపాను 2018 అక్టోబరు 11. ఆ తేదీలు మా పిల్లలకు నేను నేర్పలేదు. తిత్లీ నాటికి పెద్దదానికి ఆరేళ్ళు, ఉద్దానంలో అమ్మమ్మగారింట్లో ఉంది. తెల్లారి మా మామగారు తోటలోకి వెళ్ళి, పడిపోయిన కొబ్బరిచెట్లు లెక్కపెట్టడం చేతకాక నిలబడ్డవి లెక్కపెట్టుకుని వచ్చారు. ఆ అంకె దానికి ఇప్పటికీ గుర్తు.

మేం గుమ్మంలో కూర్చుని పచ్చ ఆకులకు ఎర్ర రంగు పూస్తుండగా ఫోన్లన్నీ ఒకేసారి గీపెట్టాయి, వాయుగుండం. మా అమ్మ ఆ ఫోను చూడలేదు, పొద్దుటే గాలి వాసన చూసి చెప్పేసింది. "లెగండర్రా గుంటల్లారా, బేగి." పెద్దది ట్యాంకు నింపి, బిందెలు నింపి, ఫోన్లన్నీ చార్జింగ్‌లో పెట్టి, ఏ ఫోను ఎన్ని గంటలొస్తుందో కాగితం మీద రాసింది. మధ్యవాడు డాబా మీది కుండీలు దించి, ఎగిరిపోయేవన్నీ తాడేసి కట్టాడు. చిన్నది అగ్గిపెట్టె, కొవ్వొత్తులు, వామనగుంటల గింజలు ఒక స్టీలు డబ్బాలో వేసి మూత బిగించి దాని మీద కూర్చుంది. నేను ఇంటర్నెట్ పోతుందేమోనని టెన్షన్‌లో రౌటర్ పక్కన నిలబడ్డాను. కరెంటు పోయింది, ఒక రాత్రి, మర్నాడు సాయంత్రం దాకా. ఈసారి గాలి పెద్దగా లేదు, వాన మాత్రం కురిసి కురిసి పోయింది. అట్ట మీద అతికించిన ఆకుల రంగు కారి పచ్చగా మారాయి. ఆటమ్ పాఠంలో ముగ్గురికీ సి గ్రేడు ఇవ్వాల్సి వచ్చింది. బాధగా ఉంది, నియమం నియమమే.

వింటర్ పెట్టె జనవరిలో విప్పాం. ఒక ప్లాస్టిక్ క్యారెట్టు, ఐదు నల్ల బొత్తాలు, బొమ్మకు చుట్టే ఎర్ర మఫ్లరు. మంచు మనిషిని చేయాలి. మిగతా సామగ్రి, అంటే మంచు, స్థానికంగా సమకూర్చుకోవాలని రాసి ఉంది. ఫ్రిజ్‌లో గీరితే గుప్పెడు వచ్చింది, వేలెడంత మనిషి లేచాడు, ఫోటో తీసేలోపు గిన్నెలో నీళ్ళయ్యాడు. నాకు కాల్ ఉండి లోపలికి వెళ్ళాను.

కింద భోగి పిడకల పని జరుగుతోంది. పక్క వీధి నుంచి తెచ్చిన బక్కెట్టెడు ఆవుపేడ, మధ్యలో బెజ్జం పెట్టి గోడకు కొట్టిన చిన్న చిన్న పిడకలు. కాల్ అయ్యాక వచ్చి చూద్దును కదా, వాకిట్లో ముగ్గు పక్కన మూరెడు ఎత్తున మనిషి. పేడతో చేసిన బొజ్జ, పేడ తల, క్యారెట్టు ముక్కు, బొజ్జ మీద ఐదు బొత్తాలు, మెడలో ఎర్ర మఫ్లరు. చిన్నది మోచేతుల దాకా పేడతో పక్కన నిలబడి ఉంది. "కరగడం లేదు నాన్నా" అంది.

మర్నాడు పొద్దున్న ఎవరో గొబ్బెమ్మ అనుకుని దాని నెత్తిన గుమ్మడిపువ్వు పెట్టి, పసుపు కుంకుమ చల్లి వెళ్ళారు. తీసేయబోతే మా అమ్మ చేయి పట్టుకుని ఆపింది, పూజ పడ్డ దాన్ని కదపకూడదట. మఫ్లరు మాత్రం తనే విప్పి, శుభ్రంగా ఉతికి ఆరేసింది. రోజూ తెల్లవారుజామున ముగ్గు వేయడానికి వెళ్ళేటప్పుడు చెవుల మీదుగా కట్టుకుంటోంది, వెచ్చగా ఉందట. శీతాకాలం సిలబస్ పూర్తయినట్టు రిజిస్టరులో సంతకం పెట్టాను.