లైవ్‌లో మార్కులు ఎవరికి పడాలి?

జర్నలిజం విద్యార్థులకు ప్రాక్టికల్స్ అంటే చాలా కాలేజీల్లో ఇప్పటికీ ఒక షార్ట్ ఫిల్మ్, దానికి తోడు స్పైరల్ బైండింగ్ రికార్డు. తప్పులన్నీ ఎడిటింగ్‌లో కత్తిరించేశాక పెన్‌డ్రైవ్‌లో పెట్టి ఇచ్చిన వీడియో చూసి, ఎవరికేం పని వచ్చో ఎలా చెప్తాం? అదే జట్టుతో అరగంట లైవ్ బులెటిన్ చేయిస్తే సంగతి తేలిపోతుంది.

గోదావరి డెల్టాలో ఇలాంటి పరీక్షకు సరుకు ఇంటి ముందే ఉంది. ధవళేశ్వరం బ్యారేజీ వద్ద నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. 2022 జులైలో మూడోదీ దాటింది. అలాంటి రోజును స్టూడియోలో నమూనాగా పెట్టి చూడండి. యాంకర్ మొదటి హెచ్చరిక గురించి చదువుతుండగా రెండోది ఇచ్చారని కబురొస్తుంది. ప్రొడ్యూసర్ అది నిజమో కాదో కనుక్కుని టాక్‌బ్యాక్‌లో, అంటే జట్టంతా చెవుల్లో వినే మాటల లైన్లో, చెప్పాలి. గ్రాఫిక్స్ చూసేవాళ్లు అంకె మార్చాలి. అది మారేదాకా, ఏ దృశ్యం ప్రసారం కావాలో ఎంచే స్విచర్ మీదున్నవాళ్లు పాత అంకె ఉన్న గ్రాఫిక్ ప్లేటు తెర మీదకు పోనివ్వకూడదు. ఈలోగా ఫ్లోర్ మేనేజర్ యాంకర్‌కి సైగ చేయాలి. ఒకరు తడబడితే లంక గ్రామాలకు తప్పుడు అంకె వెళ్తుంది. ఆ టెన్షన్‌లో ఎవరు ఎవరి మాట విన్నారన్నదే అసలు పరీక్ష.

చిక్కల్లా మార్కుల దగ్గరే. బులెటిన్ బాగుంటే అందరికీ ఒకే మార్కు వేస్తే పని ఎగ్గొట్టినవాడూ గట్టెక్కుతాడు. విడివిడిగా వేద్దామంటే కళ్లు ముందు యాంకర్ మీదకే పోతాయి. కనుమ నాడు కోనసీమలోని జగ్గన్నతోటలో ప్రభల తీర్థం జాతర లైవ్ ఇస్తే, ఆ హోరులో రిపోర్టర్ గొంతు వినిపించేలా చూసిన సౌండ్ కుర్రాడు ఎవరికీ గుర్తుండడు. వినిపించకపోతే మాత్రం అందరికీ గుర్తొస్తాడు. పైగా అమ్మాయిలకు యాంకర్ కుర్చీ, అబ్బాయిలకు కెమెరాలు, వైర్లు అని అడక్కుండానే పంచేసే అలవాటొకటి. అలా పంచాక కొలిచేది నైపుణ్యాన్ని కాదు, ఆ పంపకాన్నే.

నా లెక్కలో ప్రసారమైన వీడియోకి తక్కువ మార్కులు, టాక్‌బ్యాక్ రికార్డింగుకి ఎక్కువ మార్కులు ఉండాలి. ఎవరు ముందుగా హెచ్చరించారు, ఎవరు తప్పును ఎదుటివాడి మీదకు నెట్టారు, లింకు తెగినప్పుడు ఎవరు సర్దారు అన్నదంతా అందులో దొరుకుతుంది. జట్టులోని తోటివారు ఒకరికొకరు వేసే మార్కులూ కొంత పనికొస్తాయి. కానీ స్నేహాలూ అలకలూ అందులోకి రాకుండా ఉండవు కాబట్టి, మార్కు పక్కన ఒక సంఘటన రాయమనాలి. ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ మర్నాడు వీడియో చూడటం కాదు, ఆ పూట కంట్రోల్ రూంలోనే కూర్చోవాలి.

పరికరాల్లేవనే మాటను నేను పెద్దగా పట్టించుకోను. నేర్చుకోవడానికి నాలుగు ఫోన్లు, ఓ మాదిరి ల్యాప్‌టాప్, ఉచితంగా దొరికే ఓబీఎస్ స్టూడియో అనే లైవ్ ప్రసార సాఫ్ట్‌వేర్, టాక్‌బ్యాక్ కోసం ఒక గ్రూప్ కాల్ చాలు. టైంటేబుల్‌తోనే ఇబ్బంది. ప్రతి ఒక్కరూ కెమెరా నుంచి స్విచర్‌కి, అక్కడినుంచి ఫ్లోర్‌కి మారాలంటే సెమిస్టర్‌కి కనీసం మూడు బులెటిన్లు కావాలి. ఇప్పుడున్న పద్ధతిలో ప్రాక్టికల్స్‌కి దక్కేది చివరి వారంలో ఒక్క పూట.