కుంగుబాటు రాకముందే కదలిక మొదలవ్వాలి

వయసు మీదపడ్డాక వచ్చే డిప్రెషన్ చాలాసార్లు ఏడుపుతోనో దిగులుతోనో బయటపడదు. ఒళ్లు నొప్పులంటారు, నిద్ర పట్టడం లేదంటారు, ఆకలి లేదంటారు. మతిమరుపు మొదలైందేమోనని ఇంట్లోవాళ్లు కంగారుపడతారు. ‘ఈ వయసులో మామూలేలే’ అన్న మాటతో అసలు జబ్బు మరుగున పడిపోతుంది. కనిపెట్టడమే ఇంత కష్టమైన జబ్బును రాకుండా ఆపుకోగలిగితే అంతకంటే కావాల్సిందేముంది? వ్యాయామం కొంతమేర ఆ పని చేయగలదు. కాకపోతే ఎప్పుడు మొదలుపెట్టామన్నదే కీలకమని నా అభిప్రాయం.

నార్వేలో 33,908 మందిని 11 ఏళ్లపాటు గమనించారు. అందులో అన్ని వయసుల పెద్దలూ ఉన్నారు. మొదట్లో డిప్రెషన్, ఆందోళన లక్షణాలు లేనివారినే ఎంచుకున్నారు. కాబట్టి ‘కుంగిపోయినవాళ్లు ఎలాగూ కదలరు కదా’ అన్న అనుమానానికి అక్కడ తావు తక్కువ. అందరూ వారానికి కనీసం ఒక గంట వ్యాయామం చేసి ఉంటే, తర్వాత వచ్చిన డిప్రెషన్ కేసుల్లో 12 శాతం తప్పేవని పరిశోధకుల అంచనా. చెమటలు కక్కేలా చేయాల్సిన పని కూడా లేదు, తేలికపాటి వ్యాయామమూ పనికొచ్చింది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 65 ఏళ్లు దాటినవారికి వారానికి కనీసం 150 నిమిషాల ఓ మోస్తరు వ్యాయామం చెబుతోంది. కండరాల బలానికి రెండు రోజులు, తూలి పడకుండా నిలకడ కోసం మూడు రోజులు ప్రత్యేకంగా కేటాయించమంటోంది. సలహా మంచిదే. కానీ అసలు కదలని మనిషికి ముందే 150 అని చెబితే బెదిరిపోతారు. ‘వారానికి గంట, అదీ పది పది నిమిషాలుగా’ అంటే ధైర్యం వస్తుంది.

వ్యాయామం మెదడులో ఏం చేస్తుందన్న దానిపై చాలా పరిశోధన జరిగింది. నాకు మాత్రం కాళ్ల సంగతే ఎక్కువ ముఖ్యమనిపిస్తుంది. కుర్చీలోంచి లేచేటప్పుడు రెండు చేతులూ ఆనించి, ఒక క్షణం ఆగి, ఊపు తెచ్చుకుని లేస్తున్న పెద్దవాళ్లను గమనించండి. తొడల్లో బలం తగ్గిందనడానికి అదో గుర్తు. ఆ తర్వాత మెట్లంటే భయం, బాత్రూమ్‌లో జారిపడతానేమోనన్న భయం. అందుకని బయటికి వెళ్లడం మానేస్తారు. వెళ్లకపోతే పలకరించేవాళ్లు తగ్గుతారు, ఉన్న బలమూ పోతుంది. ‘మీరు లేవకండి, నేను తెచ్చిస్తా’ అంటూ ప్రేమతో మనం అందించే మంచినీళ్ల గ్లాసు కూడా ఆ కాస్త కదలికను లాగేసుకుంటుంది. ఎవరి మీదా ఆధారపడకుండా లేచి నడవగలగడం మనసుకు పెద్ద అండ. పక్కన ఎవరో ఒకరు ఉండి, కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి, మళ్లీ కూర్చోవడాన్ని రోజూ కొన్నిసార్లు చేయించడం నడకంత విలువైన పనే.

అయితే వ్యాయామం అన్నివేళలా పనిచేస్తుందనుకుంటే పొరపాటు. ఇంగ్లండ్‌లోని 78 వృద్ధాశ్రమాల్లో జరిగిన ప్రయోగం ఫలితాలు 2013లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చాయి. ఫిజియోథెరపిస్టులు వారానికి రెండుసార్లు, 45 నిమిషాల చొప్పున సామూహిక వ్యాయామం చేయించారు. డిప్రెషన్ లక్షణాలు తగ్గలేదు. అక్కడివారు బాగా వయసు పైబడి, రకరకాల జబ్బులతో ఉన్నవారు. ఈ ఫలితం నిరాశ కలిగించేదే అయినా దాన్ని దాచిపెట్టకూడదు. ఒంట్లో సత్తువంతా అయిపోయాక వారానికి రెండు తరగతులతో పోయినదాన్ని తిరిగి తేలేమన్నది నేను దీన్ని చదువుకున్న తీరు. రిటైరైన మొదటి నెలలు, జీవిత భాగస్వామి పోయిన తర్వాతి రోజులు, ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చిన వారం: శ్రద్ధ పెట్టాల్సింది అప్పుడు. ‘రోజూ నడువు నాన్నా’ అని ఫోన్‌లో చెప్పి ఊరుకుంటే కుదరదు. అలాంటప్పుడు లేవాలన్న కోరికే ఉండదు, చెప్పులు వేసుకుని వెంట వచ్చే మనిషి కావాలి.

ఇప్పటికే డిప్రెషన్ ఉన్నవారు నడక మొదలుపెట్టామని మందులు సొంతంగా మానేయకూడదు. గుండె జబ్బు, కీళ్ల అరుగుదల ఉన్నవారు ఏ వ్యాయామం ఎంతవరకు చేయొచ్చో డాక్టర్‌ను అడగాలి. ‘ఇంకా బతికి ఏం లాభం’ అన్న మాట పెద్దల నోట వినపడితే దాన్ని చాదస్తంగా కొట్టేయకండి. వ్యాయామం సంగతి తర్వాత, ఆ రోజే మానసిక వైద్యుల దగ్గరికి తీసుకెళ్లండి.