నులిపురుగుల మాత్రతో పోయే విరేచనాలేనా అవి?

ఆమదాలవలస దగ్గర ఒక ఊరు అనుకుందాం. హెచ్‌ఐవీ ఉన్న ఒక కూలీకి రెండు నెలలుగా నీళ్ల విరేచనాలు. ఊరి ఆర్‌ఎంపీకీ, హెచ్‌ఐవీ మందులిచ్చే ఏఆర్‌టీ సెంటర్ కౌన్సెలర్‌కీ మధ్య వాదన.

ఆర్‌ఎంపీ: నులిపురుగులేనమ్మా. ఆల్బెండజోల్ ఇచ్చాను, మళ్లీ ఇస్తాను. శ్రీకాకుళం సెంటర్‌కి వెళ్తే ఒకరోజు కూలి పోతుంది.

కౌన్సెలర్: రెండుసార్లు వేసినా తగ్గలేదు కదండీ! క్రిప్టోస్పోరిడియం అనే ఏకకణ జీవి ఒకటుంది. మామూలు మనిషిలో రెండు మూడు వారాల్లో దానంతటదే పోతుంది. రోగాలతో పోరాడే సీడీ4 కణాలు బాగా పడిపోయినవాణ్ణి మాత్రం నెలల తరబడి పీల్చేస్తుంది. ఆల్బెండజోల్‌కి అది చావదు.

ఆర్‌ఎంపీ: మలపరీక్ష చేయించాను. ఏమీ లేదన్నారు.

కౌన్సెలర్: మామూలు పరీక్షలో అది చిక్కదండీ. టీబీ కళ్లె పరీక్షలో వేసే రంగులాంటిది వేస్తే ఎర్రగా బయటపడుతుంది. ఒకరోజు దొరక్కపోవచ్చు, మూడుసార్లు ఇవ్వాలి. అందులో ఐసోస్పోరా అనే మరో ఏకకణ జీవి కనిపిస్తే మేలే, కోట్రిమోక్సజోల్ మాత్రలకి లొంగుతుంది.

ఆర్‌ఎంపీ: క్రిప్టో అని తేలితే?

కౌన్సెలర్: దానికి నమ్మకమైన మందు లేదు. ఏఆర్‌టీ మాత్రలతో సీడీ4 పెరిగితే ఒళ్లే దాన్ని తరిమేస్తుంది. అందుకే నా టెన్షన్. ఆ మాత్రలు మానలేదు కదా?

ఆర్‌ఎంపీ: వారమైంది. వేడి చేస్తున్నాయేమోనని నేనే ఆపమన్నాను.

(ఈ మాట ఒప్పుకోవడం తేలిక కాదు. ఆయన తప్పు చేశాడు, కానీ దాచలేదు.)

కౌన్సెలర్: ఆలస్యం చేయకండి. మళ్లీ ఎలా మొదలుపెట్టాలో సెంటర్లో డాక్టరు చెబుతారు. ఈలోగా ఓఆర్‌ఎస్ తాగించండి. నీళ్లు మరగనివ్వాలి, క్లోరిన్ బిళ్ల చాలదు. 1993లో అమెరికాలోని మిల్వాకీలో క్లోరిన్ కలిపిన కుళాయి నీళ్లతోనే సుమారు 4 లక్షల మందికి ఈ జబ్బు చేసింది.

ఆర్‌ఎంపీ: కూలి అన్నది సాకమ్మా. ఏఆర్‌టీ గది ముందు కూర్చుంటే మన ఊరోళ్లు చూస్తారని అతని భయం.

కౌన్సెలర్: ఆ భయం నిజమేనండీ. అతని అనుమతి లేకుండా ఎవరికీ చెప్పకూడదని 2017 హెచ్‌ఐవీ చట్టం ఉంది. కానీ వరసలో కూర్చున్న మనిషిని చట్టం దాచలేదు.

ఆర్‌ఎంపీ: అయితే రేపు నా బండి మీద తీసుకొస్తాను. షుగర్ చూపించుకోడానికి వెళ్తున్నాను, తోడుగా వస్తున్నాడని ఊళ్లో చెబుతాను.