హిట్టు పాట దాటితేనే బ్యాండ్ దొరుకుతుంది

ఫెస్టుల సీజన్ వస్తే విశాఖ ఇంజినీరింగ్ కాలేజీల వేదికల మీద రాక్ బ్యాండ్లకు కొదవ ఉండదు. కొదవల్లా పాటలకే. క్రాన్‌బెర్రీస్ ‘జాంబీ’, రేడియోహెడ్ ‘క్రీప్’, గొంతున్న కుర్రాడు దొరికితే సౌండ్‌గార్డెన్ ‘బ్లాక్ హోల్ సన్’. రుషికొండ నుంచి భీమిలి దాకా బీచ్ రోడ్డు కెఫేల్లోనూ ఇదే వరస. ‘జాంబీ’కి మొదటి నుంచి చివరి దాకా నాలుగే కార్డులు (గిటార్ మీద ఒకేసారి మోగించే స్వరాల గుంపులు), ‘క్రీప్’కీ నాలుగే. వారం సాధన చేస్తే చేతికొచ్చేస్తాయి, జనం గొంతు కలుపుతారు, చప్పట్లు పడతాయి. మరుసటి ఏడాది కొత్త బ్యాచ్ వచ్చి మళ్లీ అవే అందుకుంటుంది. ఇలా బ్యాండ్‌కో పాట చొప్పున ఏరుకుని 1990ల ఆల్టర్నేటివ్ రాక్ అంతా వినేశామనుకోవడం వల్ల ఆ బ్యాండ్ల కంటే మనకే ఎక్కువ నష్టం. ఈ ఊరి నుంచి సొంత తెలుగు రాక్ పాట గట్టిగా నిలబడకపోవడానికి ఇదే పెద్ద కారణమని నా వాదన.

నిర్వానా బ్యాండ్ ఒక్కసారిగా పెద్ద హిట్టయిన తర్వాత అమెరికా కంపెనీలు గిటార్ పట్టిన ప్రతివాడి వెంటా పడిన సంగతి తెలిసిందే. ఆ హడావుడిలో ఏ పాట రేడియోకు పంపాలి, దేనికి వీడియో తీయాలి అన్నది చాలాసార్లు కంపెనీ తేల్చింది. నాలుగు నిమిషాల్లో ముగియాలి, మొదటి నిమిషంలోనే పల్లవి తగలాలి, కారులో పోయేవాడు స్టేషన్ మార్చకూడదు. ఆ జల్లెడలో నిలిచిన పాటే మనకు హిట్టుగా అందింది. ఇప్పుడు స్ట్రీమింగ్ యాప్‌లో బ్యాండ్ పేరు కొడితే పైన కనిపించే పాటల జాబితా కూడా అదే జల్లెడ. పైనున్నది కాబట్టి నొక్కుతాం, నొక్కుతాం కాబట్టి పైనే ఉంటుంది.

బ్లైండ్ మెలన్ అనే బ్యాండ్‌నే తీసుకోండి. 1992 నాటి తొలి ఆల్బమ్‌లోని ‘నో రెయిన్’, తేనెటీగ వేషం కట్టిన పాప ఉన్న ఆ వీడియో, వాళ్ల గురించి చాలామందికి తెలిసింది అంతే. బేసిస్టు బ్రాడ్ స్మిత్ బ్యాండ్ పెట్టకముందే రాసుకున్న ఆ పాటలో ఉన్నది దిగులు. దాన్ని అందరూ ఉల్లాసం పాట కింద జమకట్టేశారు. అసలు సరుకు 1995 ఆగస్టులో వచ్చిన రెండో ఆల్బమ్ ‘సూప్’లో ఉంది. న్యూ ఆర్లీన్స్‌లో రికార్డు చేశారు, ఆ ఊరి బ్రాస్ బ్యాండ్ మోతతోనే ఆల్బమ్ తెరుచుకుంటుంది. ‘స్కిన్డ్’ అనే పాట ఒక హంతకుడి గురించి. దానికి కట్టిన వరస బాంజో, కజూలతో తిరునాళ్ల పాటలా గెంతుతుంటుంది. మాటకూ వరసకూ మధ్య ఉన్న ఆ వైరుధ్యమే ఒళ్లు జలదరింపజేస్తుంది. ఇద్దరు గిటారిస్టులున్నా ఒకే కార్డును కలిసి బాదరు. ఒకరు ఎత్తుకున్న మాటను మరొకరు పూర్తిచేస్తారు. ఇక ‘న్యూ లైఫ్’ గాయకుడు షానన్ హూన్ పుట్టబోయే బిడ్డను తలుచుకుంటూ పాడినది. జులైలో కూతురు పుట్టింది, ఆగస్టులో ఆల్బమ్ వచ్చింది, అక్టోబర్ 21న అదే న్యూ ఆర్లీన్స్‌లో టూర్ బస్సులో మాదకద్రవ్యాల వల్ల ఆయన చనిపోయాడు. వయసు 28. ‘నో రెయిన్’ ఒక్కటే విన్నవాళ్లకు ఈ మనిషి అసలు పరిచయమే కాలేదు.

ఫెయిల్యూర్ అనే బ్యాండ్ కథ ఇంకో రకం. ‘స్టక్ ఆన్ యూ’ అనే వాళ్ల చిన్న హిట్టు బుర్రలో ఇరుక్కుని వదలని పాట గురించే. బ్యాండ్‌ను కూడా జనం ఆ పాటలోనే ఇరికించేశారు. అది ఉన్న 1996 ఆల్బమ్ ‘ఫెంటాస్టిక్ ప్లానెట్’లో 17 ట్రాకులు, గంటకు పైగా నిడివి. మధ్యలో ‘సెగ్వే 1’, ‘సెగ్వే 2’, ‘సెగ్వే 3’ పేర్లతో చిన్న వాద్య ముక్కలు ఒక పాట చేతిని ఇంకో పాటకు అందిస్తాయి. బ్యాండ్ విడిపోయి, మళ్లీ కలిసి, 2015లో కొత్త ఆల్బమ్ తెచ్చినప్పుడు అందులో ముక్కల లెక్క ‘సెగ్వే 4’ నుంచి మొదలైంది. పంతొమ్మిదేళ్ల తర్వాత విడిచిన చోటునుంచే అందుకున్నారు! షఫిల్‌లో వినేవాడికి ఇది తెలిసే దారే లేదు.

ఇలినాయ్ రాష్ట్రం షాంపేన్ ఊరి బ్యాండ్ హమ్‌కు 1995లో ‘స్టార్స్’ ఒక్కటే పేరు తెచ్చింది. 1998 నాటి ‘డౌన్‌వర్డ్ ఈజ్ హెవెన్‌వర్డ్’ దానికంటే ఎంతో బరువైన ఆల్బమ్. అమ్ముడుపోలేదు. 22 ఏళ్లు ఆగి 2020లో ముందస్తు కబురు లేకుండా ‘ఇన్‌లెట్’ వదిలారు. ఐరన్ మెయిడెన్ టీషర్టులు వేసుకు తిరిగే మన కుర్రాళ్లు, ఆ బ్యాండ్ గాయకుడు బ్రూస్ డికిన్సన్‌కు వరసకు సోదరుడైన రాబ్ డికిన్సన్ పాడిన క్యాథరిన్ వీల్ బ్యాండ్‌ను ఒక్కసారైనా వినాలి. వాళ్లదీ ఇంగ్లండ్‌లోని గ్రేట్ యార్‌మత్ అనే సముద్రపు ఒడ్డు ఊరే. 1993 నాటి ‘క్రోమ్’ ఆల్బమ్‌తో మొదలుపెట్టండి.

అమ్ముడుపోలేదంటే పస లేదనుకోవడం పొరపాటు. 1998లో పాలీగ్రామ్ అనే రికార్డు కంపెనీని సీగ్రామ్ కొని తన యూనివర్సల్ మ్యూజిక్‌లో కలిపేసింది. ఆ కుదుపులో సిబ్బంది పోయారు, బ్యాండ్లు దిక్కులేనివయ్యాయి. లోకల్ హెచ్ అనే బ్యాండ్ అప్పుడే తెచ్చిన ‘ప్యాక్ అప్ ద క్యాట్స్’ ఆల్బమ్ ప్రచారం లేక అణగారిపోయింది. ‘ఫ్లాగ్‌పోల్ సిట్టా’ పాటతో ఊపు మీదున్న హార్వీ డేంజర్ బ్యాండ్ తర్వాతి ఆల్బమ్ 2000 దాకా బయటికే రాలేదు. 2005లో వాళ్లు విసిగిపోయి మూడో ఆల్బమ్‌ను ఇంటర్నెట్‌లో ఉచితంగా పెట్టేశారు.

జనానికి తెలిసిన పాట వాయించకపోతే ఎవరు నిలబడతారు, ఫెస్టులో ఇచ్చేదే ఇరవై నిమిషాలు కదా అని నిర్వాహకులు అంటారు. నిజమే, ఇరవై నిమిషాల్లో నాలుగైదు పాటలే పడతాయి. అందులో ఒక్కటి తెలియనిది పెట్టమనే అడుగుతున్నా. మొదట పెడితే జనం కదలరు, చివర పెడితే వెళ్లిపోతారు. గొంతు కలిపిన ఊపు మిగిలుండే మూడో స్థానం దానికి సరైన చోటు.

వినడానికీ ఓ పద్ధతి ఉంది. షఫిల్ ఆపండి, ఆటోప్లే ఆపండి, యాప్ సెట్టింగుల్లో ఒక పాట చివరను తర్వాతి పాట మొదలుతో కలిపేసే క్రాస్‌ఫేడ్‌ను సున్నాకు దించండి. లేకపోతే ‘సెగ్వే’ ముక్కల అంచులు ఒకదానిమీద ఒకటి ఎక్కి చెడిపోతాయి. ఫోను స్పీకర్లో మాత్రం వినొద్దు. బేస్ గిటార్ లావు తీగ మూలస్వరం 41 హెర్ట్‌జ్, గిటార్‌ది 82. ఆ చిన్న స్పీకర్ అంత కిందికి దిగలేదు కాబట్టి హమ్ లాంటి బ్యాండ్ గీకుడులా వినిపిస్తుంది. వైరున్న మామూలు ఇయర్‌ఫోన్లు చాలు. మొదటిసారి మాటలు పట్టించుకోవద్దు, రెండోసారి బేస్ ఒక్కదాన్నే వెంబడించండి.

లోకల్ హెచ్ దగ్గర మన కాలేజీ బ్యాండ్లు నేర్చుకోవాల్సింది చాలా ఉంది. వాళ్లు ఇద్దరే. స్కాట్ లూకస్ గిటార్ వాయిస్తూ పాడతాడు, ఇంకొకరు డ్రమ్స్. బేసిస్టు లేడు. లూకస్ తన గిటార్‌లోనే బేస్ పికప్ (తీగ కదలికను సిగ్నల్‌గా మార్చే భాగం) ఒకటి బిగించుకుని ఆ సిగ్నల్‌ను బేస్ ఆంప్‌కు పంపాడు. బేసిస్టు దొరకలేదని బ్యాండ్ మానేసేవాళ్లు ఇది గమనించాలి. గిటార్ చెక్క తొలవడం ఇష్టం లేకపోతే, సిగ్నల్‌ను ఏబీవై బాక్సుతో రెండుగా చీల్చండి. ఒక పాయ గరుకు మోతనిచ్చే డిస్టార్షన్ పెడల్ మీదుగా గిటార్ ఆంప్‌కు, రెండోది స్వరాన్ని ఒక స్థాయి కిందికి దించే ఆక్టేవ్ పెడల్ మీదుగా బేస్ ఆంప్‌కు వెళ్లాలి. డిస్టార్షన్ తర్వాత ఆక్టేవ్ పెట్టకండి, పెడల్‌కు స్వరం అందక గరగరలాడుతుంది. పూర్తి కార్డులు పట్టినా అంతే, కింద బురదలా కలిసిపోతుంది. లావు తీగల మీద మూలస్వరం నిలిపి వాయించాలి, బేస్ ఆంప్‌లో ట్రెబుల్ బాగా తగ్గించాలి. రెండు ఆంప్‌లు వేర్వేరు ప్లగ్గుల్లో పెడితే ఎర్త్ లూప్ ఏర్పడి హుమ్మని మోత వస్తుంది. రెండిటికీ ఒకే పవర్ బోర్డు వాడండి. అప్పటికీ పోకపోతే ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న స్ప్లిటర్ కావాలి. మోత పోతుందని ఎర్త్ పిన్ను విరిచేయడం ప్రాణం మీదికి తెస్తుంది.

ఇంతకీ మొదట్లో సొంత పాట ఊసెత్తింది ఎందుకంటే, హిట్లు నేర్చుకున్న చేయి నాలుగు బీట్లు, నాలుగు కార్డులు తప్ప ఇంకేమీ నేర్చుకోదు. అంత పెద్ద హిట్టు కాని పాటల్లోనే ఎక్కువగా లెక్కలు మారతాయి. సౌండ్‌గార్డెన్‌నే చూడండి. ఆ బ్యాండ్ గిటారిస్టు కిమ్ థాయిల్ తల్లిదండ్రులు కేరళ నుంచి వెళ్లినవాళ్లు. ‘బ్లాక్ హోల్ సన్’కు మూడేళ్ల ముందు, 1991లో వచ్చిన ‘ఔట్‌షైన్డ్’ చరణం ఏడు బీట్లలో నడుస్తుంది, పల్లవికి నాలుగులోకి మారుతుంది. మన డ్రమ్మర్లు తడబడేది అక్కడే. అలవాటు కొద్దీ ఎనిమిదో దెబ్బ వేసేస్తారు. లావు తీగను ఇ నుంచి డి కి దించాలి. పల్చటి 09 తీగల సెట్టు వేస్తే దించిన తీగ వదులై, గట్టిగా కొట్టినప్పుడల్లా స్వరం పైకి తేలుతుంది. కాస్త లావైన 10-46 సెట్టు మేలు. ఉప్పుగాలికి తీగలు తుప్పు పట్టే ఊరు మనది, వాయించిన ప్రతిసారీ పొడిబట్టతో తుడిచి పెట్టాలి.

ఏడు లెక్క మనకు పరాయిది కాదు. సిరిపురంలో కళాక్షేత్రానికి ఎవరి పేరు పెట్టుకున్నామో ఆ గురజాడ 1910లోనే ముత్యాల సరం తెచ్చాడు. మూడు, నాలుగు మాత్రల నడక అది, తకిట తకధిమి. దేశభక్తి గేయం మొదటి పాదం విడదీయండి: దేశ, మునుప్రే, మించు, మన్నా. మూడు, నాలుగు, మూడు, నాలుగు, మొత్తం 14 మాత్రలు. ఏడు బీట్ల రాక్ బార్‌ను, అంటే ఒక ఆవృతాన్ని, సగం బీట్లుగా లెక్కిస్తే సరిగ్గా 14. పాదానికి ఒక బార్, వెంట్రుకవాసి తేడా లేదు! పక్కనే విజయనగరంలో కూర్చుని గురజాడ కట్టిన నడక సియాటిల్ బ్యాండ్ సౌండ్‌గార్డెన్ రిఫ్ (మళ్లీ మళ్లీ వచ్చే గిటార్ వరస) మీద కుదురుగా కూర్చుంటుంది. తెలుగు మాట రాక్‌లో ఇమడదనే వాళ్లు నాలుగు బీట్ల హిట్ల మీదే దాన్ని ఇరికించి చూశారు, అందుకే ఇమడలేదు. కేరళ బ్యాండ్ అవియల్ 2008 ఆల్బమ్‌లో మలయాళాన్ని రాక్ గిటార్ల మీద దర్జాగా నిలబెట్టింది. మనకున్న ఛందస్సుతో ఆ పని ఇంకా తేలిక.

రేపటి రిహార్సల్‌కు మెట్రోనోమ్‌ను 60 మీద పెట్టండి. క్లిక్కుకు రెండు మాత్రలు, పాదానికి ఏడు క్లిక్కులు. గిటార్ డి తీగ ఒక్కదాని మీదే ఉండాలి, దేశభక్తి గేయం మొదటి మూడు పాదాలు గొంతుతో చదవాలి తప్ప పాడకూడదు. నాలుగో పాదం 12 మాత్రలకే ఆగుతుంది. మిగిలిన ఆ ఒక్క క్లిక్కూ డ్రమ్మర్‌ది.