జాలరి ఇంటి రెండో ఆదాయానికి జాగా ఏది?

ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా సముద్రంలో 61 రోజుల చేపల వేట నిషేధం, దానికి భృతి, అది ఆలస్యమైందని గొడవ... విశాఖ వాళ్లకు ఇవన్నీ తెలిసినవే. 10 వేలున్న భృతి 2025లో 20 వేలైంది. సంతోషమే. కానీ రోజుకు 330 రూపాయలు కూడా పడదు. అందుకే ప్రతి సభలోనూ ఒకటే మాట: మత్స్యకారులు ప్రత్యామ్నాయ ఉపాధి వెతుక్కోవాలట.

వెతకడానికేముంది? అది ఎప్పటినుంచో వాళ్ల ఇంట్లోనే ఉంది. చేసేది ఆడవాళ్లు కాబట్టి మన లెక్కల్లోకి రాలేదు, అంతే. పెద జాలరిపేట, మంగమారిపేట, భీమిలి... ఎక్కడైనా పడవ ఒడ్డుకు తగిలాక బేరసారాల్లో పెద్ద చెయ్యి వాళ్లదే. వేలం పాటలో చేపలు కొనేది, గంపకెత్తి వీధులు తిరిగేది, మిగిలిన నెత్తళ్లు, కవళ్లు లాంటి చిన్న చేపలను ఎండబెట్టేది వాళ్లే. భృతి మాత్రం వేటకెళ్లే మనిషి పేరున వస్తుంది. ఆ రెండు నెలలూ సరుకు లేక ఖాళీ గంపతో కూర్చున్న ఆమెకేమీ రాదు.

నెత్తళ్లు ఎండబెట్టడం చూశారా? ఇసుక మీద పాత వల పరిచి పలచగా పోస్తారు. మధ్యలో తిరగేయాలి, కాకుల్నీ కుక్కల్నీ కాయాలి. మబ్బు పట్టిందంటే ఉరుకుల పరుగుల మీద ఎత్తాలి. వానకు తడిస్తే కోళ్ల దాణాకు పోవాల్సిందే. ఇసుక అంటిందా, బేరగాడు ధర కోసేస్తాడు. నడుమెత్తున వల బిగించిన మంచె ఉంటే ఇసుక బాధ ఉండదు, కింద నుంచీ గాలి తగిలి త్వరగా ఆరుతుంది. కావలసింది నాలుగు గుంజలు, కాస్త వల, ఒక టార్పాలిన్. అవి ఇవ్వడం మాని కుట్టుమిషన్ శిక్షణలెందుకో నాకర్థం కాదు.

వేట తగ్గిపోతోంది, కుర్రాళ్లు సముద్రం వద్దంటున్నారు, టూరిజంలోకి పంపేద్దాం అనేవాళ్లున్నారు. పంపండి. అలల పోకడ వాళ్లకంటే ఎవరికి తెలుసు? కాకపోతే ఎవరో కొన్న బోటు మీద జీతానికి కుదిరితే దాన్ని జాలరి సొంత ఆదాయం అనలేం.

ఈ నగరంలో ఏ చర్చ తవ్వినా చివరికి భూమి దగ్గరే తేలుతుంది. రుషికొండ బీచ్‌కు 2020లో శుభ్రమైన తీరాలకిచ్చే అంతర్జాతీయ గుర్తింపు బ్లూ ఫ్లాగ్ వస్తే గర్వపడ్డాం. మనకు బీచ్ అంటే వాకింగ్, సెల్ఫీ. జాలరికి అది పడవ నిలిపే చోటు, వల బాగుచేసుకునే చోటు, చేప ఆరేసే చోటు. రోడ్డు వచ్చినా పార్కు వచ్చినా రిసార్టు వచ్చినా జరగమనేది వాళ్లనే. 2019 సీఆర్‌జెడ్ (తీర ప్రాంత నియంత్రణ) నోటిఫికేషన్ ప్రకారం గ్రామీణ తీరంలో మత్స్యకారులు ఇంటి రూపం మార్చకుండా పర్యాటకులకు బస ఇచ్చే హోమ్‌స్టే నడుపుకోవచ్చు. చేతిలో పట్టా లేనివాడు ఏ ధైర్యంతో నడుపుతాడు?

2025లో అదే రుషికొండలో ఐటీ కంపెనీ టీసీఎస్‌కు 99 పైసల నామమాత్రపు ధరకు 21.16 ఎకరాలు కేటాయించారు. ఉద్యోగాలొస్తాయన్నారు, సరే. అదే లెక్కన ఒక్కో జాలరిపేటకు చేపలు ఆరేసుకునే అర ఎకరం మహిళా సంఘం పేరున రాసివ్వండి. 99 పైసలూ వాళ్లు రొక్కంగానే కడతారు.